‘ఎర్రర్ వచ్చింది’ అంటే చాలదు

(ఉపకార వేతనాల పంపిణీ సభలో కంప్యూటర్ కోర్సుల విద్యార్థులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

 

నేను బీకాం చదివి, బ్యాంకులో గుమాస్తాగా చేరి, గుమాస్తాగానే పదవీ విరమణ చేసినవాడిని. అటువంటివాడు ప్రోగ్రాముల గురించి మాట్లాడటమేమిటని మీకు అనిపించవచ్చు. మన ట్రస్టు దరఖాస్తులను ఆన్‌లైన్‌లో తీసుకోవడానికి మన పిల్లలే నలుగురు కలిసి ప్రోగ్రాము రాస్తున్నారు. అందులో బ్యాంకు ఖాతాల వివరాలు సరిచూసే పని నాకు అప్పగించారు. వాళ్ల పక్కన కూర్చుని చూస్తుంటే, పేర్లు వేరైనా అది మేము కౌంటర్లో చేసిన పనేనని తెలిసింది. ఆ సంగతే మీతో పంచుకుంటాను.

ముందుగా ఒక అనుభవం చెబుతాను. ఒక ప్రవేశ పరీక్ష దరఖాస్తుకు మన విద్యార్థి ఒకరు ఫీజు కట్టారు. తెర మీద ‘సమ్‌థింగ్ వెంట్ రాంగ్’ అని వచ్చింది. కట్టలేదేమోననుకుని మళ్లీ కట్టారు. సొమ్ము రెండుసార్లు పోయింది. అదే సైటులో మరో అమ్మాయికి అదే వాక్యం వచ్చింది. స్నేహితుడి సంగతి విని ఉన్నది కనుక, తన ఫీజు కూడా అందే ఉంటుందని ఊరుకుంది. నిజానికి ఆమె ఫీజు అందలేదు. గడువు దాటిపోయింది. ఆ సైటు పేరు ఇక్కడ అనవసరం. గమనించవలసినది ఒక్కటే. ఒకరిది సొమ్ము చేరిన స్థితి, మరొకరిది చేరని స్థితి. రెండింటికీ ఒకటే వాక్యం. ఆ వాక్యం చదివి సరైన నిర్ణయం తీసుకోవడం ఎవరికీ సాధ్యం కాదు.

చెక్కు వెనక్కి వచ్చినప్పుడు

బ్యాంకులో చెక్కు చెల్లకపోతే ఊరికే తిప్పి పంపం. దానితో పాటు రిటర్న్ మెమో అనే చీటీ జతచేస్తాం. క్లియరింగ్ నియమాలలో కారణాలకు వరుస సంఖ్యలున్నాయి. 01 అంటే ఖాతాలో సరిపడా సొమ్ము లేదు. 12 అంటే సంతకం కలవలేదు. సొమ్ముకు సంబంధించిన కారణాలు మొదటి వరుస, సంతకానికి సంబంధించినవి 10 నుంచి, చెల్లింపు ఆపుదలకు సంబంధించినవి 20 నుంచి. సంఖ్య చూడగానే ఏ రకమో తెలుస్తుంది.

ఈ విభజన అలంకారం కోసం కాదు. కారణాన్ని బట్టి తరువాత చేయవలసిన పని మారుతుంది. ‘ఎఫెక్ట్స్ నాట్ క్లియర్డ్, ప్రెజెంట్ అగైన్’ అని ఉంటే, జమ కావలసిన సొమ్ము ఇంకా చేతికి రాలేదు, రెండు రోజులాగి మళ్లీ వేయమని అర్థం. సంతకం తేడా అని ఉంటే అదే చెక్కు పదిసార్లు వేసినా పదిసార్లూ తిరిగి వస్తుంది, కొత్త చెక్కు రాయించుకోవాలి. సొమ్ము చాలక తిరిగి వస్తే, 1989 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ ప్రకారం, ఆ సమాచారం బ్యాంకు నుంచి అందిన 30 రోజుల లోపల నోటీసు ఇవ్వాలి. మెమో మీద ఉన్న ఒక్క మాటను బట్టి మనిషి ఆగడమా, కొత్త చెక్కు అడగడమా, వకీలు దగ్గరకు వెళ్లడమా అన్నది తేలుతుంది.

అయితే మా జాబితాలోనూ ఒక మొహమాటపు మాట ఉండేది. అది ‘రిఫర్ టు డ్రాయర్’, అంటే ‘రాసినవాణ్ణే అడగండి’ అని. ఖాతాదారు వచ్చి ఇదేమిటని అడిగితే కౌంటర్లో ఉన్నవాడు చెప్పలేడు. ‘సమ్‌థింగ్ వెంట్ రాంగ్’ ఆ కుటుంబానికి చెందిన వాక్యమే.

హెచ్‌టీటీపీలోని మెమోలు

బ్రౌజరైనా, ఫోన్‌లో యాప్ అయినా, సర్వరును ఏదైనా అడిగేటప్పుడు హెచ్‌టీటీపీ అనే పద్ధతిలో ఒక రిక్వెస్టు పంపుతుంది. సెర్న్ పరిశోధనా సంస్థలో టిమ్ బెర్నర్స్ లీ 1991 నాటికి రూపొందించిన తొలి పద్ధతిలో ఈ సంఖ్యలు లేవు. తప్పు జరిగితే మనిషి చదువుకునే వాక్యం ఒక పేజీగా వచ్చేది. అది మంచి జవాబో, తప్పు జరిగిందన్న జవాబో యంత్రం తెలుసుకునే దారి లేదు. 1996 మే నెలలో వెలువడిన 1.0 ప్రమాణ పత్రంలో మూడంకెల స్టేటస్ కోడ్లు కనిపిస్తాయి. 2022 జూన్‌లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9110 ఇప్పుడు వాటికి ఆధారం.

మొదటి అంకె రకాన్ని చెబుతుంది. 2తో మొదలైతే పని అయింది. 3తో మొదలైతే మరోచోట చూడమని. 4తో మొదలైతే అడిగినవాడి వైపు లోపం. 5తో మొదలైతే సర్వరు వైపు లోపం. 401 అంటే నీవెవరో రుజువు చూపలేదని, 403 అంటే నీవెవరో తెలిసినా ఈ పనికి అనుమతి లేదని. 404 అంటే అడిగినది దొరకలేదు. 422 అంటే దరఖాస్తు చేరింది గాని అందులోని వివరాలు సరిగా లేవు. 429 అంటే వెంటవెంటనే అడుగుతున్నావు, కాస్త ఆగమని. 503 అంటే ప్రస్తుతం సేవ అందించలేము, తరువాత రమ్మని. ఎంతసేపు ఆగాలో ‘రీట్రై ఆఫ్టర్’ అనే వరుసలో సర్వరు చెప్పవచ్చు కూడా. మా ‘ప్రెజెంట్ అగైన్’ ఇక్కడ ఇలా ఉంది.

ఇంత చక్కని ఏర్పాటు ఉన్నా, రాసేవారు దాన్ని మధ్యలో పోగొడుతున్నారు. జావాస్క్రిప్ట్‌లో ‘ఫెచ్’ అనే పని ఉంది. సర్వరు 404 అన్నా, 500 అన్నా ఫెచ్ దృష్టిలో అది వైఫల్యం కాదు. జవాబు వచ్చింది కదా, తన పని అయిపోయిందనుకుంటుంది. అసలు జవాబే రాకపోతేనే వైఫల్యం అంటుంది. జవాబులోని ‘ఓకే’ అనే గుర్తును మనమే చూడాలి. చూడనివారి ప్రోగ్రాములో విఫలమైన దరఖాస్తు కూడా విజయంగా నమోదవుతుంది. తపాలా జవాను కవరు తెచ్చి ఇచ్చాడు కనుక లోపల ఉన్నది మనియార్డరే అనుకోవడం వంటిది ఇది.

ఇక రెండో రకం వారు మొత్తం పనిని ‘ట్రై, క్యాచ్’ మధ్య పెట్టి, ఏం జరిగినా ఒకే వాక్యం చూపిస్తారు. సిగ్నల్ లేకపోయినా అదే, పాస్‌వర్డు గడువు తీరినా అదే, ఐఎఫ్‌ఎస్‌సీ కోడు తప్పయినా అదే. మనం మొదట చెప్పుకున్న కష్టం ఇలాంటి రాతలోంచే పుడుతుంది.

కారణానికి రకం, రకానికి వివరం

టైప్డ్ ఎర్రర్ అని మీరు పుస్తకాల్లో చదువుతారు. రకం నిర్ణయించిన లోపం అన్నమాట. పని చేసిన ఫంక్షన్ రెండింటిలో ఒకటి తిరిగి ఇవ్వాలి. అయితే ‘సఫలం, ఇదిగో ఫలితం’ అనాలి. లేదా ‘విఫలం, ఇదిగో కారణం’ అనాలి. 2015లో 1.0 రూపం వచ్చిన రస్ట్ భాషలో దీనికి ‘రిజల్ట్’ అనే రకం ఉంది. టైప్‌స్క్రిప్ట్‌లో, 2016లో వచ్చిన 2.0 నుంచి, ప్రతి కారణానికి ఒక గుర్తు పెట్టి అన్నింటినీ యూనియన్‌గా రాసే వీలుంది.

మన పిల్లలు రాసిన జాబితా ఇది: నెట్‌వర్కు అందలేదు, గడువు మీరింది, గుర్తింపు లేదు, అనుమతి లేదు, దొరకలేదు, వివరాలు సరికావు, తాకిడి ఎక్కువ, సర్వరు లోపం, జవాబు అర్థం కాలేదు. ఒక్కొక్కదానితో దానికి తగిన వివరం వెళుతుంది. ‘తాకిడి ఎక్కువ’తో ఎన్ని సెకన్లు ఆగాలో ఉంటుంది. ‘వివరాలు సరికావు’తో ఏ గడిలో తప్పో ఉంటుంది. ఐఎఫ్‌ఎస్‌సీ కోడులో 11 అక్షరాలు, అయిదవది ఎప్పుడూ సున్నా. అక్కడ ‘ఓ’ అక్షరం కొట్టేవారు ఎందరో. ‘అయిదవ స్థానంలో సున్నా ఉండాలి’ అని చెబితే విద్యార్థి అరనిమిషంలో సరిచేసుకుంటాడు. ‘ఎర్రర్’ అంటే బస్సెక్కి ట్రస్టు ఆఫీసుకు వస్తాడు.

ఇందులో మరొక లాభముంది. జాబితాకు రేపు పదవ కారణం చేర్చారనుకోండి. ప్రతి కారణానికీ ఏర్పాటు ఉన్నదో లేదో చూసేలా ప్రోగ్రాము రాసి ఉంటే, ఎక్కడెక్కడ ఆ పదవదానికి జవాబు రాయలేదో కంపైలరే ముందుగా చూపిస్తుంది. విద్యార్థి చేతిలో బయటపడవలసిన లోపం మీ గదిలోనే బయటపడుతుంది.

క్యారియర్ గిన్నెలు

ఇక హెల్పర్ల సంగతి. సర్వరుతో మాట్లాడే ప్రతి చోటా మళ్లీ మళ్లీ వచ్చే పనులు కొన్ని ఉంటాయి. గుర్తింపు చీటీ జతచేయడం ఒకటి. ఇంతసేపు చూసి ఆపేయమని గడువు పెట్టడం రెండు. స్టేటస్ కోడును పైన చెప్పిన కారణాలలోకి మార్చడం మూడు. వచ్చిన జవాబు మనం అనుకున్న ఆకారంలో ఉన్నదో లేదో చూడడం నాలుగు. తగిన చోట మళ్లీ ప్రయత్నించడం అయిదు. అన్నీ కలిపి ఒకే పెద్ద ఫంక్షన్‌లో కుక్కితే మొదటి నెల బాగానే ఉంటుంది. రెండో నెలలో ఒకటి మార్చబోతే మరొకటి చెడుతుంది.

అందుకు బదులు ఒక్కొక్క పనికి ఒక్కొక్క చిన్న హెల్పర్ రాయాలి. ప్రతి హెల్పరూ ‘రిక్వెస్టు పంపే ఫంక్షన్’ ఒకటి తీసుకుని, తన పని దానికి జోడించి, అదే ఆకారంలో ఉన్న ‘రిక్వెస్టు పంపే ఫంక్షన్’ను తిరిగి ఇవ్వాలి. టిఫిన్ క్యారియర్ చూడండి. అన్నం గిన్నె, పప్పు గిన్నె, కూర గిన్నె వేరైనా అంచు కొలత ఒకటే. అందుకే ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. ఈ రోజు పులుసు వద్దంటే ఆ గిన్నె తీసేయవచ్చు, మిగతావి కదలవు. యూనిక్స్‌లో 1973లో పైపులు పెట్టినప్పటి ఆలోచనా ఇదే. చిన్న పని చక్కగా చేసే పనిముట్లు, వాటిని కలపడానికి ఒకే రకమైన మూతి.

జవాబు ఆకారం చూసే హెల్పరును చిన్నచూపు చూడకండి. రైల్వే స్టేషన్‌లో ఉచిత వైఫైకి కలిపిన ఫోన్‌కు, లాగిన్ చేయమనే పేజీ కూడా 200 కోడుతోనే రావచ్చు. కోడు సఫలమే, లోపలి సరుకు వేరే. లోపల చూడకుండా తీసుకుంటే ప్రోగ్రాము మరెక్కడో చతికిలబడుతుంది.

గిన్నెల వరుస కూడా ముఖ్యమే. గడువు పెట్టే హెల్పరు లోపల, మళ్లీ ప్రయత్నించే హెల్పరు బయట ఉంటే, ప్రతి ప్రయత్నానికి విడిగా 10 సెకన్లు దొరుకుతాయి. వరుస తిరగేస్తే అన్ని ప్రయత్నాలూ కలిపి 10 సెకన్లలో ముగియాలి. రెండూ తప్పు కాదు. ఏది కావాలో తెలిసి పెట్టాలి. పరీక్షించేటప్పుడు అడుగు గిన్నె మార్చి, నిజమైన నెట్‌వర్కు బదులు కావాలని 429 ఇచ్చే నకిలీ ఫంక్షన్ పెట్టవచ్చు. గడువు చివరి రోజున ఏం జరుగుతుందో ముందే చూసుకోవచ్చు.

మళ్లీ ఎప్పుడు ప్రయత్నించాలి

మళ్లీ ప్రయత్నించే హెల్పరుకు అన్నింటికన్నా ఎక్కువ విచక్షణ కావాలి. కారణానికి రకం ఉంది కనుకనే ఆ విచక్షణ సాధ్యం. వివరాలు సరికాకపోతే, అనుమతి లేకపోతే మళ్లీ పంపడం వృథా. నెట్‌వర్కు అందకపోతే, తాకిడి ఎక్కువైతే, 503 వస్తే పంపవచ్చు. అప్పుడు కూడా ఒక సెకను, రెండు, నాలుగు అంటూ ఎడం పెంచుతూ, మూడు నాలుగుసార్లతో ఆపాలి. అందరి ఫోన్లూ సరిగ్గా ఒకే క్షణంలో మళ్లీ అడగకుండా ఆ ఎడానికి కొంత అటూ ఇటూ కలపాలి. పింఛను రోజున తలుపు తెరవగానే అందరూ ఒకే కౌంటరు మీద పడితే ఏమవుతుందో మీ తాతగారిని అడగండి.

గడువు మీరడం అన్నిటికన్నా చిక్కు. జవాబు రాలేదంటే పని జరగలేదని కాదు, జరిగిందో లేదో మనకు తెలియదని. వివరాలు చూసే ‘గెట్’ రిక్వెస్టు మళ్లీ పంపితే నష్టం లేదు. డబ్బు కట్టే ‘పోస్ట్’ రిక్వెస్టు మళ్లీ పంపితే రెండుసార్లు కట్టినట్లు కావచ్చు. డిమాండు డ్రాఫ్టు పోయిందని ఎవరైనా వస్తే మేము వెంటనే నకలు రాసి ఇచ్చేవాళ్లం కాదు. మొదటిది చెల్లించలేదని అవతలి శాఖ నుంచి రూఢి చేసుకునేవాళ్లం. ప్రోగ్రాములో దీనికి మార్గం ఏమంటే, ప్రతి చెల్లింపుకు మొదటే ఒక ప్రత్యేక సంఖ్య కేటాయించి, మళ్లీ పంపినా అదే సంఖ్యతో పంపడం. ఆ సంఖ్యను గుర్తుపెట్టుకునేలా సర్వరు రాసి ఉంటే, ఇది పాతదేనని గుర్తించి రెండోసారి తీసుకోదు, మొదటి జవాబునే తిరిగి ఇస్తుంది.

2019 సెప్టెంబరు 20న రిజర్వు బ్యాంకు ఇచ్చిన సర్క్యులరు ఈ దృష్టితో చదవదగినది. ఏటీఎంలో ఖాతా తగ్గి నోట్లు రాకపోతే 5 రోజుల్లో తిరిగి జమ చేయాలి. యూపీఐలో పంపిన సొమ్ము అవతలివారికి చేరకపోతే మరుసటి రోజుకల్లా వెనక్కి రావాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం. ‘లావాదేవీ విఫలం’ అని ఒక్క మాటతో సరిపెట్టలేదు. విఫలమైన తీరుకు ఒక పేరు, దానికొక గడువు పెట్టారు. మీరు రాయవలసిన జాబితా కూడా అటువంటిదే.

అనామతు ఖాతా

ఎంత జాబితా రాసినా ఊహించని కారణం ఒకటి వస్తుంది. దానికి ‘తెలియని లోపం’ అనే రకం ఉండవలసిందే. కామర్సు విద్యార్థులకు తెలుసు, ఎటు పద్దు వేయాలో తేలని మొత్తాన్ని అనామతు ఖాతాలో పెడతాం. ఆ ఖాతా ఉండటం తప్పు కాదు. అందులో నిలువ పెరగడం తప్పు. రోజూ తెరిచి, ఒక్కొక్క పద్దును దాని అసలు ఖాతాకు పంపాలి. మీ ప్రోగ్రాములోనూ తెలియని లోపాలను వారానికొకసారి చదివి, తరచుగా వచ్చేదానికి పేరు పెట్టి జాబితాలో చేర్చండి. అన్నీ ‘తెలియని లోపం’లో పడుతుంటే, జాబితా ఉన్నా లేనట్లే.

మరొక పరిమితి కూడా చెప్పాలి. అంకణా కలిసినంత మాత్రాన లెక్కలన్నీ సరి అని కాదు. అసలు రాయని పద్దును, ఒకరి ఖాతాకు బదులు మరొకరి ఖాతాలో వేసిన పద్దును అంకణా పట్టుకోదు. కంపైలరు కూడా అంతే. 403ను మీరు ‘దొరకలేదు’ అని పొరపాటున మారిస్తే రకాలన్నీ చక్కగా కలుస్తాయి, విద్యార్థికి మాత్రం తప్పు సమాచారం వెళుతుంది. కంపైలరు ఒప్పుకున్న తరువాత మనిషి చూసే పని మిగిలే ఉంటుంది.

కారణం ఒకటి, భాషలు అనేకం

మన వారికి ప్రత్యేకంగా పనికివచ్చే మాట ఒకటి చెప్పి ముగిస్తాను. మన పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో చదువుకున్నవారు. తల్లిదండ్రులలో ఇంగ్లీషు వాక్యం చదవలేనివారున్నారు. సర్వరు ఒక ఇంగ్లీషు వాక్యం పంపి, దాన్నే తెర మీద వేస్తే వారికి దారి లేదు. సర్వరు కారణం రకాన్ని మాత్రం పంపితే, ఆ రకానికి ఏ భాషలో వాక్యం చూపాలో మన చేతిలో ఉంటుంది. తొమ్మిది కారణాలకు అయిదు భాషల్లో వాక్యాలు రాస్తే మొత్తం 45. ఒక సాయంత్రం పని. తెలుగు వాక్యాలు సరిదిద్దే బాధ్యత నాది. మిగతా నాలుగు భాషలకు ఈ సభలోనే మనుషులున్నారు, సభ ముగిశాక పేర్లు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

ఆ వాక్యం రాసేటప్పుడు మూడు సంగతులు చెప్పండి. ఏం జరిగింది, మీ సొమ్ము లేదా దరఖాస్తు ఏ స్థితిలో ఉంది, ఇప్పుడు మీరు ఏం చేయాలి. ఉదాహరణకు: ‘సర్వరు నుంచి జవాబు రాలేదు. ఫీజు అందిందో లేదో ఇంకా తేలలేదు. మళ్లీ కట్టకండి, పది నిమిషాల తరువాత ఈ పేజీలోనే స్థితి చూడండి.’ ఇది చదివినవారు రెండోసారి కట్టరు, ఊరికే కూర్చోరు.

మీలో కొందరు రేపు పెద్ద సంస్థలలో ఇటువంటి ప్రోగ్రాములు రాస్తారు. కౌంటరు అవతల నిలబడిన మనిషి మాకు ఎదురుగా కనిపించేవాడు. మీకు కనిపించడు. ఎక్కడో ఒక ఊళ్లో, సన్నని సిగ్నల్‌తో, చివరి రోజు సాయంత్రం ఫోన్ పట్టుకుని ఉంటాడు. అతనికి మీరిచ్చే రిటర్న్ మెమో ఆ ఒక్క వాక్యమే. కారణం పేరుతో సహా ఇవ్వండి.